మా బావ కళ్లలో దోషం లేదు

ఏడాదిన్నర పాటు మా చర్చి సంఘంలో ఒక మాట తిరిగింది. మా బావకు చూపు మందగించిందని, అందుకే గుడి ఫోటో తీయడం మానుకున్నాడని. ఆ మాట మొదట పుట్టింది నా నోట్లోనే. అది తప్పని నాకు తెలిసిపోయాక కూడా ఏడాదికి పైగా దాన్ని అలాగే తిరగనిచ్చాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో కెమెరాల గురించి కొంత చెప్పక తప్పదు. కెమెరాల గురించి చెబుతూ చెబుతూ అసలు సంగతి దాటేయడం నాకు బాగా అలవాటు. ఈసారి అలా జరగకుండా చూసుకుంటాను.

మా బావ అంటే మా అక్క భర్త. కాజీపేటలో రైలింజను డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. డ్రైవర్లకు కళ్ల పరీక్ష కఠినంగా ఉంటుంది. తప్పినవాళ్లను ఇంజను దించి ఏ ఆఫీసు గదిలోనో కూర్చోబెడతారు. మా బావ ఆ పరీక్ష ఒక్కసారి కూడా తప్పలేదు. దగ్గరి అక్షరాలకు మాత్రం కళ్లద్దాలు పెట్టుకునేవాడు. మిగతా విషయాల్లో గొప్పలు చెప్పుకునే మనిషి కాదు గానీ కళ్ల మాట వస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు.

మా చర్చిని మేం గుడి అనే అంటాం. అక్కడ పెళ్లిళ్లకు ఒక కట్టడి ఉంది. ప్రమాణాలు చెప్పేటప్పుడు, పుస్తె కట్టేటప్పుడు లోపల ఫ్లాష్ వెలగకూడదు. వీడియోవాళ్లు వెనక తలుపు దగ్గరే ఆగిపోవాలి. ఎప్పుడో ఒక పెళ్లిలో ఫోటోగ్రాఫర్లు పాస్టరు అయ్యగారినే పక్కకు జరగమన్నారట. అప్పటి అయ్యగారు పెట్టిన కట్టడి అది. తర్వాత వచ్చిన అయ్యగార్లెవరూ మార్చలేదు. లోపల ఒక్క మనిషికే అనుమతి, అదీ ఒక్క ఫోటోకే. ఆ మనిషి మా బావ. పక్క వరుసలో మూడో బల్ల చివర నిలబడి, ముడి పడే క్షణంలో ఒకే ఒక్క నలుపు తెలుపు ఫోటో తీసేవాడు. ఫిలిం తనే కడిగి, ప్రింటు వేసి, రెండు మూడు వారాల తర్వాత ఆరాధన ముగిశాక ఆ ఇంటివాళ్ల చేతికిచ్చేవాడు. దాన్నే మేం గుడి ఫోటో అంటాం. రంగురంగుల పెళ్లి ఆల్బం బీరువాలోకి పోతుంది. హాల్లో గోడ మీద ఉండేది మాత్రం గుడి ఫోటో. దూరాన స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్న ఇళ్లలో కూడా మా బావ తీసిన ఫోటోలున్నాయి.

ఆయన కెమెరా రష్యాలో తయారైన పాతది. ఇనుప ముక్కలా బరువు. దానికి రేంజ్‌ఫైండర్ ఉంటుంది. అంటే, కంటికి ఆనించే కిటికీ వేరు, బొమ్మ పడే లెన్సు వేరు. కిటికీలో చూస్తే మధ్యలో ఒక చిన్న పచ్చని మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చలో మనిషి ముఖం రెండుగా ఉంటుంది, ఒకటి అసలుది, ఇంకొకటి దాని నీడలా. లెన్సు తిప్పుతుంటే ఆ రెండో ముఖం నెమ్మదిగా జరిగి మొదటిదాని మీదికి వచ్చి కూర్చుంటుంది. రెండూ ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు. కెమెరా లోపల ఒక చిన్న మీట లెన్సు వెనక భాగాన్ని తాకుతూ ఉంటుంది. లెన్సు ఎంత కదిలిందో కిటికీకి చెప్పేది ఆ మీట ఒక్కటే.

నాది కొత్త కెమెరా. నేను హన్మకొండలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. ఫోటోలు నా సరదా. నా కెమెరాలో కంటికి ఆనించే చోట ఒక చిన్న తెర ఉంటుంది. లెన్సు చూసేదే ఆ తెర మీద కనబడుతుంది. ఫోకస్ కుదిరిన అంచులు ఎర్రగా మెరుస్తాయి. కావాలంటే ఆ భాగాన్ని పదింతలు పెద్దది చేసి చూసుకోవచ్చు. ఒక రింగు కొని తగిలిస్తే బావ పాత లెన్సు కూడా నా కెమెరాకు ఎక్కుతుంది. ఆ రింగు కొన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్క వాళ్లింట్లో మా ఇద్దరికీ ఇదే వాదన.

"ఏమయ్యా బామ్మర్ది, టీవీ తెచ్చినవా?" అనేవాడు బావ, నా సంచీ చూసి.

"తెచ్చిన బావా. నీ రెండు బొమ్మల పెట్టె ఏమంటాంది?"

"అదేమంటది, సప్పుడు చేయదు. నీదే ఎర్రగ మెరుస్తాంటది, లగ్గం బస్సు లెక్క."

"నీ కెమెరా లెన్సు లోపల ఏమున్నదో అసలు చూడదు. పక్క కిటికీల నుంచి చూసి, లెన్సు గూడ గట్లనే చూస్తాందని నమ్ముతది. గంతే."

"నమ్మాలె మరి. సిగ్నల్ పచ్చగుంటే బండి పోనిచ్చేటోన్ని. ముంగట పట్టాలున్నయా లేవా అని దిగి చూసేటోన్నా?"

వంటింట్లోంచి అక్క అందుకునేది. "ముప్పై ఏండ్ల సంది ఇద్దరిద్దరు ఫోటోలోళ్లే. నా ఫోటో ఒక్కటన్న మంచిగున్నదా ఇంట్ల?"

ఆ వాదనలో నేను గెలవాలనుకునేవాణ్ని. ఇది దాచడంలో అర్థం లేదు. కొత్త కెమెరా కొన్నవాడికి ఉండే యావ అది. గుడి ఫోటో నా కెమెరాతో తీస్తే ఇంకా బాగా వస్తుందని నాకు లోలోపల నమ్మకం ఉండేది. బావ ఉండగా ఆ మాట అడిగే ధైర్యం ఉండేది కాదు.

రెండేళ్ల కింద వానాకాలంలో బావ లెన్సులో బూజు పట్టింది. అద్దాల మధ్య సాలెగూడు దారాల్లా తెల్లటి పోగులు. సికింద్రాబాదులో బాగుచేసే మనిషి ఉన్నాడు, బస్సులో పంపిద్దామన్నాడు బావ. నేను వద్దన్నాను. ఫోన్‌లో వీడియోలు చూశాను, నేనే చేస్తానన్నాను. "జర జాగ్రత్త" అని మాత్రం అని నా చేతిలో పెట్టాడు.

ఒక ఆదివారం మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి లెన్సు విప్పాను. ముందు భాగం మొత్తం ఒక గుండులా మర తిరిగి ఊడొచ్చింది. అద్దాలు తుడిచాను. బూజు పోయింది. మళ్లీ బిగించాను. నా కెమెరాకు రింగుతో తగిలించి, బాల్కనీలోంచి ఎదురింటి గేటు మీద ఉన్న అక్షరాలను చూశాను. తెర మీద పెద్దది చేశాను. అక్షరాల అంచులన్నీ ఎర్రగా వెలిగాయి. పెయింటు పెచ్చులు కూడా లెక్కపెట్టొచ్చు. లెన్సు మీద దూరం అంకెలు చెక్కి ఉంటాయి. ఆ అంకె గేటు అసలు దూరంతో కలుస్తోందా అని ఒక్కసారి చూసి ఉంటే అక్కడే తెలిసేది. నేను చూడలేదు. తెరలో కుదిరింది కదా, అంకెలతో పనేముంది అనుకునే రకాన్ని నేను.

మరునాడే తీసుకెళ్లి ఇచ్చాను. "కొత్త దానిలెక్క అయింది బావా, చెక్ చేసిన" అన్నాను.

ఆయన ఆ సాయంత్రమే రైల్వే గ్రౌండులో ఎండలో ఒక రీలు తీసి కడిగాడు. బాగానే వచ్చాయి. ఎండలో లెన్సు రంధ్రం చిన్నదిగా పెట్టి తీస్తాం కాబట్టి ముందూ వెనకా అంతా స్పష్టంగానే వస్తుంది, చిన్న తేడా ఉన్నా అందులో మునిగిపోతుంది. గుడి లోపల వెలుతురు తక్కువ, ఫ్లాష్ లేదు. అక్కడ రంధ్రం పూర్తిగా తెరవాలి. అప్పుడు చేతి మందం తేడా కూడా బయటపడుతుంది. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు. తెలిసీ ఇద్దరికీ తట్టలేదు.

ఆ తర్వాత మొదటి పెళ్లి వర్ధన్నపేట నుంచి వచ్చిన కుటుంబానిది. పెళ్లికొడుకు తల్లిదండ్రుల పెళ్లికి కూడా మా బావే గుడి ఫోటో తీశాడు. ఆ ఫోటో పక్కనే దీన్నీ పెట్టుకోవాలని వాళ్లు ముందే చెప్పారు. బావ ఫిలిం కడిగి, ప్రింటు వేసే గదిలోంచి చాలాసేపు బయటికి రాలేదని అక్క తర్వాత చెప్పింది. నేను వెళ్లేసరికి తడి ప్రింటు పళ్లెంలో ఉంది. పుస్తె కడుతున్న చేతులు, వధువు వంచిన మెడ, అన్నీ పొగలో ఉన్నట్టు మెత్తగా ఉన్నాయి.

"కెమెరా కదిలిందా?" అన్నాను.

"లేదు. రెండు బొమ్మలు కలిసినయి. నేను చూసిన. కలిసినయి." ఆ మాట రెండు మూడుసార్లు అన్నాడు.

అప్పుడు నేను అన్నాను. "బావా, ఒకసారి కండ్లు చూపించుకో. ఎండల మంచిగనే వచ్చినయి గదా. చీకట్ల కానొస్తలేదేమో."

అది ఎంత సబబుగా వినిపించిందో ఇప్పటికీ గుర్తుంది. వెలుతురులో బాగా వచ్చి మసకలో చెడిపోతే ఎవరైనా కళ్లనే అనుమానిస్తారు. బావ నా ముఖం వైపు చూసి, ప్రింటు వైపు చూశాడు. ఆ వారంలోనే దవాఖానకు వెళ్లాడు. శుక్లం అప్పుడే మొదలవుతోందని, ఈ వయసుకు మామూలేనని, ఇప్పుడేం చేయక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. అందులో 'మొదలవుతోంది' అన్న మాట ఒక్కటే బావ చెవిలో ఉండిపోయింది. ఆ తర్వాతి ఆదివారం నాటికి సంఘం అంతా ఆ మాట ఉంది. ఎవరో అడిగితే నేనే చెప్పాను, "పాపం, చూపు తగ్గుతాంది" అని.

మూడు వారాల తర్వాత మా ఆవిడ టేబుల్ కింద చాప దులుపుతూ, "ఇదేందో చూడు, నీ సామాన్లదే గావచ్చు" అని నా చేతిలో ఒకటి పెట్టింది. పలచటి ఇత్తడి రింగు. కాగితం కంటే కొంచెం మందం.

లెన్సు ముందు గుండుకూ దాని ఒంటికీ మధ్య ఉండాల్సిన రింగు అది. విప్పినప్పుడు జారి చాప మీద పడింది. అది లేకపోతే అద్దాలన్నీ ఫిలిం వైపు వెంట్రుకవాసి దగ్గరగా జరిగి కూర్చుంటాయి. నా కెమెరాకు దాంతో పట్టింపు లేదు. అది లెన్సు చూపించింది చూపిస్తుంది, నేను కుదిరేదాకా తిప్పుతాను, కుదురుతుంది. బావ కెమెరాలోని మీటకు మాత్రం ఆ వెంట్రుకవాసి సంగతి తెలియదు. కిటికీలో రెండు బొమ్మలూ ఒకటవుతాయి, ఫిలిం మీద ఫోకస్ మాత్రం మూడు నాలుగడుగులు వెనక పడుతుంది.

మరునాడు ఏదో వంకతో బావ ఇంటికి వెళ్లి ఆ పెళ్లి నెగటివ్ అడిగి చూశాను. వధూవరులు మసక. వాళ్ల వెనక గజం దూరంలో నిలబడ్డ క్వయర్ ఆడవాళ్లు, వాళ్ల చేతుల్లో పాటల పుస్తకాలు, ఒకామె రైకకు పెట్టుకున్న పిన్నీసు, అన్నీ సూదిలా ఉన్నాయి. చూపు తగ్గినవాడు ఒకసారి ముందుకు తప్పుతాడు, ఒకసారి వెనక్కి తప్పుతాడు. ఆ రోజు బావ అలవాటుగా రిహార్సల్లో తీసిన మూడు ఫోటోలు కూడా అదే రీల్లో ఉన్నాయి. నాలుగింటిలోనూ ఒకే గజం, ఒకే వెనక. ఆ కళ్లు నాలుగుసార్లూ సరిగ్గా ఒకే చోట ఫోకస్ చేశాయి. ఇంతకంటే మంచి చూపు ఉండదు.

ఇంటికి వచ్చి ఆ రింగును నా బట్టల అరలో, జేబురుమాళ్ల కింద పెట్టాను.

ఎందుకు చెప్పలేదు? సిగ్గుపడి అని చెప్పుకుంటే కొంత మర్యాదగా ఉంటుంది. ఆ వారమే సంఘ పెద్దలు నన్ను పిలిచి, వచ్చే పెళ్లికి గుడి ఫోటో నన్ను తీయమన్నారు. అదీ సంగతి. ఇప్పుడే చెబితే ఆ అవకాశం పోతుంది. ఒక్క పెళ్లి తీశాక చెబుదామనుకున్నాను.

ఆ ఒక్క పెళ్లి నాకు దక్కలేదు. మూడో బల్ల చివర నిలబడి తెరలో చూస్తే, గుడి మసకలో తెర అంతా ఇసుక చల్లినట్టు గరగర. జరీ అంచుల పట్టుచీరలు కట్టిన వంద మంది ఆడవాళ్లు. ఎక్కడ మెరుపుంటే అక్కడ ఎర్ర గీతలు వెలిగాయి, ఫోకస్ ఉన్నచోటా లేనిచోటా. ఏది ముఖమో ఏది అంచో తెలియలేదు. పెద్దది చేసి చూద్దామని బటన్ నొక్కాను. తెర నిండా వధువు కనురెప్ప ఒక్కటే వచ్చింది. కనురెప్ప మీద ఫోకస్ అద్భుతంగా కుదిరింది. ఈలోగా చప్పట్లు వినిపించాయి. పుస్తె కట్టడం అయిపోయింది. నేను కనురెప్ప చూస్తున్నాను. ముడి పడ్డాక తీసిన ఫోటోనే వాళ్లకిచ్చాను.

రెండో పెళ్లికి పెద్దది చేయలేదు. చేతులు వచ్చాయి, ముఖాలు పోయాయి. మూడోదానికి పెళ్లికొడుకు మేనమామ సరిగ్గా ఆ క్షణానికి అడ్డం వచ్చాడు. బావ కిటికీలో ఫోటోలో పడేదానికి నాలుగు వైపులా బయట కూడా కనిపిస్తుంది, ఎవరు అడుగు వేయబోతున్నారో ముందే తెలుస్తుంది. నా తెరలో ఫోటోలో పడేది తప్ప ప్రపంచం లేదు. మేనమామ తెరలోకి వచ్చినప్పుడే నాకు ఉన్నాడని తెలిసింది. బావతో ఇన్నేళ్లు వాదించి ఒక్క విషయం కూడా వినలేదని అక్కడ అర్థమైంది. నా కెమెరా అబద్ధం చెప్పదు, నిజమే. అడిగినంత మేరకే నిజం చెబుతుంది. మిగతాది మనమే చూసుకోవాలి. మనం చూడం.

మూడు ఇళ్లవాళ్లూ ఫోటో తీసుకుని, "మంచిగున్నది" అన్నారు. ఏ ఇంట్లోనూ గోడకు పెట్టలేదు.

ఈ మధ్యలో బావ మారిపోతున్నాడు. మొదట కెమెరా బీరువాలో పెట్టాడు. తర్వాత గుడిలో బైబిల్ వాక్యం చదవడం మానేశాడు. నెలకొక ఆదివారం ఆయన వంతు ఉండేది. "అక్షరాలు అలుక్కపోతే నగుబాటు" అన్నాడట అయ్యగారితో. ఆ తర్వాత బండి నడపడం మానేసి ఆటోలో తిరగడం మొదలుపెట్టాడు. గుడి మెట్లు దిగేటప్పుడు అక్క చేయి పట్టుకునేవాడు. నేను పక్కనే నడుస్తూ ఉండేవాణ్ని, జేబురుమాళ్ల కింద ఆ రింగు పెట్టుకుని.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు ఇద్దరం హన్మకొండ బస్టాండులో నిలబడ్డాం. వర్ధన్నపేటలో ఎవరిదో సంస్మరణ కూడిక. బస్సులు మలుపు తిరిగి లోపలికి వస్తున్నాయి. నేను కళ్లు చికిలించి చూస్తున్నాను, ఏ బోర్డూ తెలియడం లేదు.

"వర్ధన్నపేట మీదికెల్లి ఖమ్మం" అన్నాడు బావ నెమ్మదిగా. ఆ బస్సు ఇంకా మలుపు దగ్గరే ఉంది. వెంటనే నా వైపు తిరిగి, "అదేనా? నువ్వు చూసి చెప్పు, నాకు సక్కగ ఆనతలేదు" అన్నాడు.

బస్సు దగ్గరికి వచ్చింది. బోర్డు మీద ఆయన చదివిందే ఉంది. నాకు అది తెలియడానికి ఇంకో యాభై అడుగులు పట్టింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూడకుండా చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు కూడా నేను చెప్పలేదు. వచ్చేటప్పుడు కూడా చెప్పలేదు. మరునాడు పొద్దున ఆఫీసుకు సెలవు పెట్టి రింగు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను.

బావ ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. అక్క చిక్కుడుకాయలు ఒలుస్తోంది. రింగు టీపాయ్ మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. గుండు గురించి, మీట గురించి, వెంట్రుకవాసి గురించి. కాగితం తీసుకుని బొమ్మ గీశాను. పావుగంట మాట్లాడాను. బావ బొమ్మ వైపు చూడలేదు.

"ఇది ఎప్పుడు దొరికింది?" అన్నాడు.

చెప్పాను.

అక్క చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఏడాది దాటిందా తమ్మీ? ఆయన నా చెయి పట్టుకొని నడుస్తాంటే చూసినవు గదా?"

"చూసిన."

"చూసి?"

బావ రింగు తీసి వెలుతురుకు పట్టి చూసి మళ్లీ పెట్టేశాడు. "ఇప్పుడు నా కండ్లు మంచిగున్నయని చెప్తానవు. అంతేనా?"

"అంతే బావా. ఇటుకలు వరుసగ పెట్టి ఒక్క రీలు తీద్దాం, ఏ ఇటుకకు పెడితే ఏ ఇటుక మంచిగొస్తదో నీకే తెలుస్తది."

"మొన్న పోయినయి అన్నవు, నమ్మిన. ఇప్పుడున్నయి అంటానవు. నీ మాట మీద నా కండ్లను నమ్మాల్నా?" గొంతు పెంచలేదు. "నువ్వు ఎవలెవలకు చెప్పినవో వాళ్లకు చెప్పుకో పో."

నేను బతిమాలాను. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. అక్క నన్ను ఉండమనలేదు.

ఆ ఆదివారం ప్రకటనల సమయంలో అయ్యగారిని అడిగి ముందుకు వెళ్లాను. ఇద్దరు ముగ్గురు నేను ఏదో అమ్ముతున్నానేమోనని చూశారు. నేను మళ్లీ కెమెరాతోనే మొదలుపెట్టాను. రేంజ్‌ఫైండర్ అంటే ఇది, కొత్త కెమెరాల తెర అంటే ఇది, ఒకటి పక్క నుంచి చూస్తుంది, ఇంకొకటి లెన్సులోంచి చూస్తుంది అని రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి జరుపుతూ చూపించాను. వెనక బల్లల్లో గుసగుసలు మొదలయ్యాయి. "ఫోన్లల్ల గీ తిప్పలే లేదు గదా" అన్నాడు ఒక సంఘ పెద్ద, సాయం చేస్తున్నట్టుగా. నవ్వారు. నాకు చిరాకెత్తింది. ఎంత విడమరిచి చెబితే అంత అర్థం కావడం లేదు. గొంతు పెంచి మళ్లీ మొదటి నుంచి చెప్పబోయాను.

ముందు బల్లలో కూర్చున్న ఒక ముసలమ్మ చేయెత్తింది. ముప్పై ఏళ్లుగా క్వయర్లో పాడుతున్న మనిషి, ఆ నెగటివ్‌లో పిన్నీసు పెట్టుకున్నది ఈమే.

"గా ముచ్చట్లన్ని నాకు సమజ్ గావు బిడ్డా" అంది. "తప్పు కెమెరాదా, ఆయన కండ్లదా, నీదా? గది చెప్పు."

"నాది."

"ఎర్కలేక చేసినవా?"

"మొదట ఎర్కలేదు. ఎర్కైనంక కూడ చెప్పలే. ఫోటో నేనే తియ్యాలని."

"ఇగ కూసో మరి" అంది ముసలమ్మ. అయ్యగారు పాట నంబరు చెప్పారు.

బావ ఆ రోజు గుడిలోనే ఉన్నాడు, వెనక కిటికీ పక్క. ఆరాధన అయ్యాక నా దగ్గరికి రాలేదు. పదిమంది ఆయన చుట్టూ చేరి ఏదో అంటుంటే, "చూద్దాం, చూద్దాం" అంటూ అక్క చేయి పట్టుకునే మెట్లు దిగాడు. అది చూసి నాకు కోపం వచ్చింది. ఇంతమందిలో నా పరువు తీసుకున్నాను, ఇంకా చేయి పట్టుకునే నడుస్తాడా అని. ఆ కోపం నాకు వచ్చిందని కూడా రాయాలి. నేను ఒప్పుకుంటే చాలు, ఆయన చూపు ఆ క్షణమే తిరిగి రావాలని కోరుకున్నాను.

తర్వాతి వారం అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఇంటెనక ఇటుకలు వరుస పేర్చి టేపు పెట్టి కొలుస్తాండు. ఎవలను దగ్గరికి రానిస్తలేడు. నన్ను గూడ."

"రింగు?"

"ఆయనే పెట్టుకున్నడు. రెండు రీళ్లు తీసిండు. రింగుతోని ఒకటి, రింగు లేకుంట ఒకటి. నువ్వు చెప్పింది నిజమేనో కాదో తనే చూసుకుంటడట."

నేను వెళ్లాను. పిలవకపోయినా వెళ్లాను. అక్క గుమ్మం దగ్గరే కూర్చోబెట్టింది. ఫిలిం కడిగి బాత్రూం తీగకు క్లిప్పులతో వేలాడదీశాడని, ఆరేదాకా లోపలికి ఎవరూ పోవద్దన్నాడని చెప్పింది. గంటపైనే కూర్చున్నాను. లోపల బావ కిటికీ దగ్గర నిలబడి భూతద్దం పెట్టి ఒక్కో గడి చూస్తున్నాడు. తలుపు సందులోంచి వీపు మాత్రమే కనిపించింది. ఒక రీలు చూసి, రెండోది చూసి, మళ్లీ మొదటిది చూశాడు. నేను లేచి, ఏ ఇటుక స్పష్టంగా ఉందో అడగబోయి ఆగాను. అడిగే హక్కు నాకు లేదు.

చివరికి బయటికి వచ్చాడు. భూతద్దం తువ్వాలుతో తుడుచుకుంటూ నన్ను చూశాడు, నేను అక్కడ ఉన్నానని అప్పుడే తెలిసినట్టు.

"రింగు పెడితే సక్కగ. రింగు లేకుంటె నాలుగు ఇటుకల దూరం" అన్నాడు. "ప్రతిదాంట్ల. ఒక్క ఇటుక అటు లేదు, ఇటు లేదు."

"గదే గదా బావా నేను చెప్పింది."

"నువ్వు చెప్పింది నాకొద్దు." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "వచ్చే శనివారం లగ్గం ఉన్నది గదా. నేను తీస్తాన. నువ్వు నా ముంగట నిలవడకు, పక్కల గూడ నిలవడకు."

సరేనన్నాను. నీళ్లైనా తాగి పొమ్మంది అక్క. ఆయన ఏమంటాడోనని ఆయన వైపు చూశాను. అప్పటికే ఆయన లోపలికి వెళ్లి ఫిలిం ముక్కలుగా కత్తిరిస్తున్నాడు.

శనివారం నేను వెనక తలుపు దగ్గర వీడియోవాళ్లతో పాటు నిలబడ్డాను. అక్కడి నుంచి నాకు ఏమీ కనిపించలేదు.